అమ్మ చేతి స్మూతీ

హస్త కార్తె

బిడ్డను కనే వంతు వచ్చిన ఆడవాళ్ళు ఏం తాగుతున్నారో, ఒంట్లో ఎలా ఉంటోందో రాసి పెట్టుకోవాలని ఆరోగ్యగదిలో చెబుతూనే ఉన్నారు. నేను రాయలేదు. ఇవాళ డాక్టర్ తహసీన్ "నీ నోటి మాట నాకొద్దు నీలవేణీ, రాసి తీసుకరా" అని గట్టిగానే అన్నది. అందుకని మొదలుపెడుతున్నాను.

ఇవాళ తాగిన స్మూతీ: పాలకూర, గుప్పెడు మునగాకు, ఒక అరటిపండు, నానబెట్టిన ఖర్జూరాలు, వేయించిన గుమ్మడి గింజల పొడి, పల్లీల పాలు, చివర్లో తోడు. పాలకూర నేనే తెచ్చాను. దీపాల తోటలో ఆకుకూరల మళ్ళు చూడడం నా పని. వంతున్న ఇంటివాళ్ళు రోజుకో కట్ట తెచ్చుకోవచ్చు.

తోడు అంటే ఆరోగ్యగది వాళ్ళు చిన్న గురిగిలో ఇచ్చిన తెల్లటి పులుపు. పెరుగుకు వేసే తోడు లాంటిదే, కాని ఇందులో ఉన్న సూక్ష్మజీవులు వేరు. అవి కడుపులోకి వెళ్ళి, అలసిపోయిన అండాలకు సత్తువ తెస్తాయట. రోజూ ఇంత జొన్న అంబలి పోసి వాటిని బతికించుకోవాలి. ఆ పని మా అమ్మ ఓదెమ్మది. నేను తెల్లవారగానే తోటకు పోతాను, మా ఆయన శైలం, ఊళ్ళోకి గాలి లాగే పంకాల దగ్గరికి పోతాడు. ఇంట్లో ఉండేది అమ్మే. కరెంటు పొదుపు కాబట్టి మాది చేతితో తిప్పే మిక్సీ. అమ్మ దాన్ని ముందు పెట్టుకుని కూర్చుందంటే సొరంగం చివరిదాకా చప్పుడు వినిపిస్తుంది.

అమ్మ దాన్ని స్మూతీ అనదు. "జావ తాగినవా బిడ్డా?" అంటుంది. గరిటెతో కలిపితే తృప్తి ఉండదు ఆమెకు. చెయ్యి పెట్టి కలుపుతుంది, వేలు నాకి చూస్తుంది, చప్పగా ఉందనుకుంటే మళ్ళీ కలుపుతుంది. నేను తాగాక జాడీలో కాసిన్ని నీళ్ళు పోసి కడిగి, ఆ కడుగు తనే తాగేస్తుంది. పారబొయ్యమంటే నా మీద లేస్తుంది. "గుమ్మడి గింజలు పారబోస్తరానే ఎవలన్న?"

నేల కింద ఉన్న మా లోపలూరులో గాలి కొలతే, ఒకరి ఊపిరి ఖాళీ అయితేనే ఇంకొకరికి చోటు. అందుకే ఇంటింటికీ వంతు. మా ఇంటికి తొట్టెల వంతు మొన్న మృగశిరలో వచ్చింది, మళ్ళీ మృగశిర దాకా ఉంటుంది. ఆ లోపల మా ఇంట్లో కడుపు పండితే బిడ్డకు ఊపిరి లెక్కలో పేరు రాస్తారు. లేదంటే వంతు పక్కింటికి వెళ్ళిపోతుంది. తిరిగి మాదాకా వచ్చేసరికి నాకు నలభై దాటుతాయి.

చిత్త కార్తె

ఈసారీ రాలేదు. అంటే వచ్చింది, నెలసరి. రాయాలనిపించలేదు, కాని రాయమన్నారు.

శైలం తన కంచంలో ఖర్జూరం తీసి నా కంచంలో పెట్టాడు. అమ్మ మాత్రం స్మూతీ మీద కోపం తెచ్చుకుంది. అవిసె గింజలు చేర్చింది, ఉసిరికాయ చేర్చింది, పాలకూర నీచు వాసన వస్తోందని మరిగిన నీళ్ళలో ముంచి తీసింది. తోడు గురిగిని గుడ్డ కప్పి తన మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటోంది, చల్లగాలి తగలకుండా.

అమ్మలో ఏదో మార్పు ఉంది. మోకాళ్ళ నొప్పి అనడం మానేసింది. జుట్టు ఒత్తుగా వస్తోంది. తోటలో నాతో పనిచేసే ఆమె నిన్న నీళ్ళ వరసలో అమ్మను చూసి "మీ అక్కనా?" అని అడిగింది. అమ్మ కొంగుతో నోరు కప్పుకుని నవ్వింది. నీళ్ళ గుంట దగ్గర పంపులు చూసే మొండయ్య కాక కూడా నవ్వాడు. ఆయన నాన్నకు స్నేహితుడు. పైకప్పు కూలి నాన్న పోయిన నాడు రాళ్ళు తీసి బయటికి మోసుకొచ్చింది ఆయనే. భార్య లేదు, పిల్లలు లేరు. స్మూతీకి మంచి నీళ్ళు కావాలని అమ్మ అడిగితే వడకట్టిన కుండ విడిగా పెడుతున్నాడు.

మంచి తిండి తింటోంది కదా, అందుకే బాగుంది అనుకున్నాను.

స్వాతి కార్తె



ఇవాళ తోట నుంచి తొందరగా వచ్చాను. అమ్మ స్నానాల గదిలో గుడ్డలు ఉతుకుతోంది. నన్ను చూసి గబుక్కున బొక్కెన వెనక్కి జరిపింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందే అమ్మా? దెబ్బ తాకిందా?"

తలెత్తకుండా గుడ్డ పిండింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నాకు మళ్ళ మొదలైంది బిడ్డా. ఇది రెండోసారి."

అర్థం కాలేదు. అర్థమయ్యాక బొక్కెన నేనే ముందుకు లాగి చూశాను. అమ్మకు యాభై నాలుగు. ఎప్పుడో ఆగిపోయింది ఆమెకు. ఈ వయసులో మళ్ళీ నెత్తురు కనబడితే అది ఏ జబ్బో అందరికీ తెలుసు. మా చిన్నమ్మ అలాగే పోయింది.

"నాకు ఎందుకు చెప్పలే?"

"నీకు వంతు నడుస్తుంటే నా రోగం ఎందుకు ముంగట పెట్టాలె?"

చేయి పట్టుకుని ఆరోగ్యగదికి లాక్కెళ్ళాను. డాక్టర్ తహసీన్ తెర మీద చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ యంత్రం పాడైందేమోనని పక్క గదిలోంచి ఇంకోటి తెప్పించింది. చివరికి అమ్మను కాదు, నన్ను చూస్తూ అన్నది.

"రోగం లేదు. మీ అమ్మ అండాశయం ముప్పై ఏండ్ల మనిషిది లెక్క ఉన్నది. నా సర్వీసుల ఇట్లాంటిది చూడలే. ఏం తింటున్నది?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జాడీ కడుగు సంగతి అమ్మే చెప్పింది, దొంగతనం ఒప్పుకున్నట్టు.

డాక్టర్ తోడు గురిగిని తెప్పించుకుని పరీక్షకు పెట్టింది. సాయంత్రం మళ్ళీ పిలిచింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నీలవేణీ, కూసో. ఇది నిన్ను గుర్తుపడ్తలేదు. రోజూ చెయ్యి పెట్టి కలిపేది ఎవరు, వేలు నాకేది ఎవరు? ఆమె చర్మాన్ని, ఆమె ఎంగిలిని నేర్చుకున్నది. ఆమె ఒంటి కోసమే తయారైంది. ఇది ఇట్ల నేర్చుకుంటదని మాకెవ్వరికీ తెల్వదు. తయారుచేసినోళ్ళకు కూడా తెల్వదేమో."

"మరి నేను ఇన్నాళ్ళు తాగింది?"

"మంచి తిండి తిన్నవ్. అంతే."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నా చేతులు ఇరగ," అన్నది. "నా చేతులు ఇరిగిపోను."

డాక్టర్ కొత్త తోడు ఇచ్చింది. నేనే కలపాలి, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. అమ్మ పాత తోడు మానెయ్యాలి. మానేసినా లోపల మేలుకున్నది కొన్ని నెలలు అలాగే ఉంటుందట. అమ్మకు ఇనుము మాత్రలు రాసిచ్చింది. ఇంకేమీ చెప్పలేదు. భర్త పోయిన మనిషికి ఇంకేం చెప్పాలని ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు.

అనూరాధ కార్తె

నేను చేసిన మొదటి స్మూతీ శైలం వాసన చూసి బయటికి నడిచాడు. గుమ్మడి గింజలు మాడాయి. మునగాకు కాడలతో సహా వేసేశాను. మింగుతుంటే గొంతులో చీపురు పుల్లలు దిగినట్టుంది.

అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. లోపలికి రాదు. అక్కడినుంచే కేకలు. "ఖర్జూరం గింజ తీసినవా? పల్లీలు పొట్టు తియ్యాలె. ఉసిరికాయ ఎక్కువెయ్యకు, పుల్లగైతది. తోడు ఆఖరికే, వేడి మీద పోసినవంటే సచ్చిపోతది!"

"నువ్వు మాట్లాడినా తోడు నీ గొంతు నేర్చుకుంటదేమో, అవతలికి పో," అన్నాను.

నిజమేమోనని భయపడి పోయింది. చాలాసేపు రాలేదు. పంపుల దగ్గరికి వెళ్ళి కూర్చున్నానని తర్వాత చెప్పింది.

ఇప్పుడు కాస్త చేయి తిరిగింది. దానిమ్మ గింజలు దొరికిన రోజున రంగు కూడా బాగా వస్తోంది. చెయ్యి పెట్టి కలుపుతుంటే వేళ్ళకు అంటుకునే ఆ జిగురు, ఆ చల్లదనం నాకు నచ్చుతున్నాయి. ఇది నన్ను నేర్చుకుంటోంది అనుకుంటే ధైర్యంగా ఉంటోంది.

ఉత్తరాషాఢ కార్తె

నువ్వులు వేయిస్తుంటే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. అలా మూడు నాలుగు సార్లు జరిగింది. నిన్న నీళ్ళ వరసలో కళ్ళు తిరిగి పడింది. మొండయ్య కాక ఎత్తుకుని ఆరోగ్యగదికి తీసుకుపోయాడని చెబితే తోటలోంచి చేతుల మట్టితోనే పరుగెత్తాను.

తలుపు దగ్గర కాక నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూసి అమ్మ పోయిందనుకున్నాను.

లోపల అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టర్ తహసీన్ కుర్చీలో కూలబడి ఉంది.

"నీలవేణీ, మీ అమ్మ కడుపుతో ఉన్నది."

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. "నేనా?" అన్నాను. డాక్టర్ తల అడ్డంగా ఊపింది. అప్పుడు తెర నా వైపు తిప్పింది. పల్లీ గింజంత ఉంది. కొట్టుకుంటోంది.

ఎంతసేపు చూశానో తెలియదు. వంతు వచ్చినప్పటినుంచి నా కడుపులో చూడాలని ప్రతి గుడ్డివెలుగులో, ప్రతి తెర మీద వెతుక్కున్నది అది. అమ్మ కడుపులో కనబడింది.

"ఎవరే?" అన్నాను.  "అమ్మా, ఎవరు?"

గోడవైపు చూస్తూనే అన్నది. "బయట నిలబడ్డడు గద."

"మొండయ్య కాకనా? నాన్న స్నేహితుడు!"

"మీ నాయిన పోయినంక నాతోని మీ నాయిన గురించి మాట్లాడింది ఆయనొక్కడే బిడ్డా. మీరు బాధపడ్తరని నేను మీతోని మాట్లాడలే, నేను బాధపడ్తనని మీరు నాతోని మాట్లాడలే. మాటల్నే మొదలైంది."

నేను బయటికి వచ్చేశాను. కాక "నీలమ్మా" అన్నాడు. ఆగలేదు.

శైలానికి చెబితే, పంకా కింద నిలబడ్డవాడు అలాగే నేల మీద కూర్చున్నాడు. "అత్తమ్మకా?" అన్నాడు. మళ్ళీ "అత్తమ్మకా?" అన్నాడు. మూడోసారి అడగబోయి, నా మొహం చూసి, లేచి వచ్చి నా తల పట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో రాస్తాను. ఇంట్లో ముందు ఎవరికి కడుపు వస్తే వంతు వాళ్ళది. నియమంలో వయసు రాసి లేదు. కూతురా తల్లా అని రాసి లేదు. అలా రాయాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

శ్రవణ కార్తె

అమ్మ ఇవాళ తనే అన్నది. "కడుపు పోయే మాత్ర ఏసుకుంట. డాక్టరమ్మను అడిగిన. ఇంక ఆలస్యం చేయొద్దన్నది. నీ వంతు నీకుంటది."

వద్దమ్మా అని నా నోటి నుంచి రాలేదు. రావాలి కదా. రాలేదు. గిన్నె కడుగుతూ ఉండిపోయాను, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ. అమ్మ నన్ను చూసి, బట్టలు మడతపెట్టుకుంది.

అప్పుడే మొండయ్య కాక వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తల రుమాలు తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను మీద డ్యూటీకి పేరిచ్చిన," అన్నాడు. "పలకలు తుడిచే కాడ మనుషులు తక్కువున్నరు. ఎప్పటికీ అక్కడ్నే ఉంటనని రాసిచ్చిన. నా ఊపిరి ఖాళీ ఐతది. అది ఓదెమ్మ బిడ్డకు రాయమని కమిటీని అడిగిన. ఒప్పుకుండ్రు. నీ వంతు నీకే ఉంటది నీలమ్మా."

మీద అంటే నేల పైన, ఎండలో. ఎండతో కరెంటు పుట్టించే పలకల మీద దుమ్ము తుడిచేవాళ్ళు తెల్లవారుజామున, పొద్దుగూకాక పనిచేసి, పగలంతా నేలలో తవ్విన గుంటల ఇళ్ళలో పడుకుంటారు. రోహిణి కార్తెలో రాయి మీద చెయ్యి పెడితే తోలు ఊడుతుంది. ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు పోతారు. ఇష్టపడి పోయేవాళ్ళు లేరు. అరవై ఏళ్ళ మనిషి పేరిచ్చి వచ్చాడు.

శైలం "కాకా, ఇది పద్ధతి కాదు" అన్నాడు. అమ్మ మడత పెడుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడింది.

"నన్నడిగినవా?" అన్నది కాకతో. "నువ్వు మీదికి పోతే నేనిక్కడ ఈ బిడ్డను ఎవరికి చూపియ్యాలె?"

"ఓదెమ్మా, నువ్వన్న సల్లగ ఉంటవని..."

"సల్లగుండుడు సాలు నాకు." అమ్మ చీర మంచం మీద పడేసింది. "నేను గూడ వస్త. ఇద్దరం పోతం. మీద ఊపిరి లెక్క లేదు గద? ఎవల వంతూ అక్కర్లే గద? ఈ బిడ్డ అక్కడ పుడ్తది."

 మీద బిడ్డ పుట్టి ఎన్నేళ్ళయిందో చెప్పేవాళ్ళు కూడా ఊళ్ళో లేరు. "నీకు పిచ్చి లేచిందా? చచ్చిపోతవ్ అమ్మా! నువ్వూ, అదీ ఇద్దరూ!"

అమ్మ నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు మొహంలో.

"నిన్ను కన్నప్పుడు నాకు పంతొమ్మిది బిడ్డా. అప్పుడు నన్నెవలూ అడగలే, కావాల్నా అని. వంతొచ్చింది, కన్న. నువ్వు పుట్టినంక నా పానమంతా నీదే, అది వేరే ముచ్చట. ఇప్పుడు మాత్రం నన్ను నేనే అడుగుకున్న. మాత్ర చేతిల పట్టుకోని అడుగుకున్న. కావాలన్నది లోపల."

నాకు తెలిసిన అమ్మ వేలు నాకి చప్పగా ఉందనే మనిషి, జాడీ కడుగు తాగే మనిషి. ఆమెకు ఏదైనా కావాలని నేను ఎప్పుడూ వినలేదు. ఆ మాటకు కలిగిన నివ్వెరపాటు ఆ తెర మీద పల్లీ గింజను చూసినప్పటికంటే ఎక్కువ.

శతభిష కార్తె

ఇవాళ వెళ్ళిపోయారు.

లిఫ్టు దగ్గరికి సగం ఊరు వచ్చింది, కొందరు సాగనంపడానికి, ఎక్కువమంది చూడడానికి. ఒకామె "ముసల్దానికి సిగ్గు లేదు" అన్నది, వినబడేలాగే. అమ్మ ఆమె వైపు తిరిగి "లేదు," అన్నది. అంతే. 

డాక్టర్ తహసీన్ మాత్రల సంచి ఇచ్చింది. నీళ్ళు ఎప్పుడు తాగాలి, కాళ్ళు వాస్తే ఏం చెయ్యాలి, నెత్తురు కనబడితే ఎలా కబురు పెట్టాలి అన్నీ కాకతోనే చెప్పింది. ఆయన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు. మీద గుంటల ఇళ్ళకూ ఆరోగ్యగదికీ ఒక ఫోను తీగ ఉంది.

నేను అమ్మతో "అక్కడ మునగచెట్లు ఉంటయట" అన్నాను. అమ్మ నా బుగ్గ పట్టుకుంది. లిఫ్టు తలుపు వేశారు.

రోహిణి కార్తె

రాయడం మానేసి చాలా కాలమైంది. ఈ మధ్యలో జరిగింది క్లుప్తంగా.

నాకు భరణి కార్తెలో నెల తప్పింది. పన్నెండు రోజులు తప్పింది. శైలానికి చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. అప్పుడు వచ్చేసింది, ఎప్పటికంటే ఎక్కువ నొప్పితో. కడుపు నిలిచాకే పోయింది, అసలు నిలవలేదని కాదు అని డాక్టర్ అన్నది. అది మంచి మాటో చెడ్డ మాటో నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున్న ఖర్జూరాలు నానలేదు, పాలకూర తేలేదు. శైలమే లేచి, జాడీ ముట్టుకోకుండా, గింజలు వేయించి పెట్టాడు. కలిపింది నేనే.

ఇప్పుడు మీద ఎండ ముదిరింది. వారం రోజులుగా ఫోను పలకడం లేదు. తీగ మీద తొడుగు కరిగిందని అంటున్నారు. చివరిసారి మాట్లాడినప్పుడు అమ్మ గొంతు ఎండిపోయి ఉంది. గుంటలో తడి గోనెలు వేలాడదీసుకుని పగలంతా పడుకుంటున్నామన్నది. కాక తన వంతు నీళ్ళు ఆమెకే పోస్తున్నాడట, వద్దంటే తిడుతున్నాడట. "లోపల తంతున్నది బిడ్డా," అన్నది. ఆ తర్వాత గరగర.

నిన్న లిఫ్టులో ఒక శవాన్ని కిందికి దించారు. గుడ్డ చుట్టి ఉంది. ఎవరో చెప్పేలోపల నేను అక్కడే గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. పలకలు తుడిచే కుర్రాడట. ఎవరి కొడుకో. నేను ఊపిరి పీల్చుకున్నాను, పీల్చుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఆర్ద్ర కార్తె

మృగశిర వెళ్ళిపోయింది. వంతు పక్కింటికి పోయింది. కమిటీ మనిషి వచ్చి మా గుమ్మం మీద వంతుకు గుర్తుగా ఉన్న పచ్చ దీపం విప్పి, పక్కింటి గుమ్మానికి బిగించాడు. ఆ ఇంటామె నా మొహం చూడలేకపోయింది. నేనే వెళ్ళి గుమ్మడి గింజలు ఎంతసేపు వేయించాలో చెప్పి వచ్చాను. ఎవరి చేతా కలిపించుకోవద్దని కూడా చెప్పాను.

తీగ బాగయింది. అమ్మ బతికే ఉంది. "మీద మబ్బు పట్టింది," అని అరిచింది ఫోనులో. వంతు సంగతి అడిగింది. పోయిందని చెప్పాను.  ఇద్దరమూ ఫోను పెట్టెయ్యలేదు.

మఖ కార్తె, గుంట ఇంట్లో

ఇది మీద కూర్చుని రాస్తున్నాను.

నొప్పులు మొదలయ్యాయని కాక కబురు పెట్టగానే డాక్టర్ తహసీన్ సంచి సర్దుకుంది. ఆమె కూడా ఎప్పుడూ మీదికి రాలేదు. లిఫ్టులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరికీ నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు.

తలుపు తెరుచుకుంది. మొదట తెలిసింది చప్పుడు. వేల చేతులు ఒకేసారి చప్పట్లు కొడుతున్నట్టు. మొహం మీద నీళ్ళు పడ్డాయి. ఏదో పైపు పగిలిందని నేను వెనక్కి దూకాను. కాక నవ్వాడు. సగమైపోయాడు మనిషి, తోలు నల్లగా కమిలిపోయింది, కాని నవ్వాడు. "వాన నీలమ్మా. వాన."

పైన కప్పు లేదు. తల ఎత్తలేకపోయాను. ఎత్తితే పైకి పడిపోతానేమోనని భయమేసింది. కాక చిన్నపిల్లను పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టుకుని నడిపించాడు.

గుంట ఇంట్లో అమ్మ తడి గోనె మీద పడుకుని ఉంది. ఎముకలు కనబడుతున్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. నన్ను చూసి "వచ్చినవా" అన్నది, ఉదయం తోటకు పోయి సాయంత్రం వచ్చినట్టు.

తెల్లవార్లూ పట్టింది. మధ్యలో ఒకసారి నెత్తురు ఆగలేదు. డాక్టర్ మొహం చూసి నాకు అర్థమైంది. ఆమె మోచేతిదాకా చెయ్యి పెట్టి నన్ను పొట్ట నొక్కమన్నది. నొక్కాను. అమ్మ అరవలేదు, నా పేరు పిలిచింది. పేరు పిలిచినన్నిసార్లు "ఇక్కడ్నే ఉన్న" అన్నాను. ఎప్పుడో నెత్తురు తగ్గింది. ఎప్పుడో ఒక ఏడుపు వినిపించింది.

ఆడపిల్ల. తల నిండా జుట్టు. డాక్టర్ ఆ పిల్లను నా చేతుల్లో పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి వానలో నిలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

కాక పిల్లను ముట్టుకోవడానికి భయపడ్డాడు. చేతులు కడుక్కుని వచ్చాడు, చూశాడు, మళ్ళీ కడుక్కోవడానికి పోయాడు.

ఇది జరిగి ఐదు రోజులైంది. అమ్మ లేచి కూర్చుంటోంది. ఇక్కడున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గుమ్మంలోకి వచ్చి పిల్లను చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు. గడ్డాలు నెరిసిన మగవాళ్ళు. పిల్ల పేరు ఇంకా పెట్టలేదు. నేను ఎత్తుకుంటే రొమ్ము వెతుక్కుంటుంది, లేదని తెలిసి నా మీద కోపం చేస్తుంది. మొదటి రోజు అది నన్ను కోసింది. ఇప్పుడు నవ్వొస్తోంది.

నేను కళ్ళద్దాలు తీసి పొద్దుగూకే వేళ కాసేపు తల ఎత్తగలుగుతున్నాను. ఇక్కడ బతకడం తేలిక అని రాయను. ఎదురుగా ఉన్న దిబ్బలో ఈ ఎండాకాలం పోయినవాళ్ళవి మూడు సమాధులు ఉన్నాయి, నాలుగోవాణ్ణి కిందికి దించారు. మళ్ళీ రోహిణి వస్తుంది. ఇవన్నీ తెలిసే ఆలోచించాను, ఇక్కడ వంతు అక్కర్లేదని కూడా. నిన్న శైలంతో ఫోనులో చాలాసేపు మాట్లాడాను. అటు పంకాల చప్పుడు, ఇటు వాన చప్పుడు. చివరికి ఆయన "సరే" అన్నాడు, ఆ తర్వాత "భయమైతున్నది" అన్నాడు. నాకూ అవుతోందన్నాను.

ఇవాళ డాక్టర్ తహసీన్ కిందికి వెళ్ళిపోయింది. లిఫ్టు దగ్గరిదాకా సాగనంపాను. లిఫ్టు నడిపే అతను ఆమె వెనక నన్ను చూసి, తలుపు పట్టుకుని ఆగాడు.

"ఇద్దరని రాసుకున్న అక్కా. నువ్వు దిగవా?"

"నేను దిగ. మా ఆయనను మబ్బున్న రోజు చూసి తీస్కరా. ఎండల తెచ్చినవంటే ఆయన కండ్లు తట్టుకోవు."